ధర పెరిగితే థాడ్‌కి మంట

పైకి పోయేది ఏదైనా సరే, థాడ్ జెలిన్‌స్కీకి గిట్టదు. కోడిగుడ్ల ధర పెరిగితే మండిపడతాడు, సరే, అది అందరూ చేసే పనే. కానీ థర్మామీటరులో పాదరసం ఎక్కినా మండిపడతాడు. చెల్లెలి మనవడి పుట్టినరోజుకి వెళ్ళి, ఎవరి చేతిలోంచో జారి ఇంటికప్పుకి అతుక్కున్న బెలూన్ని చూసి "దించండి దాన్ని! ముందు కిందికి దించండి!" అని అరిచాడు. పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. లిఫ్టు ఎక్కడు. మెట్లెక్కాల్సి వస్తే మెట్టుకో తిట్టు తిడుతూ ఎక్కుతాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, పెలోరా ఒక ఎత్తు. పెలోరా అంటే షికాగో శివార్లలో ఉన్న చిన్న టెక్నాలజీ కంపెనీ. గోదాముల్లో ఏ పెట్టె ఏ మూల ఉందో చెప్పే సాఫ్ట్‌వేరు తయారు చేస్తుంది. ఆ కంపెనీ షేర్లు థాడ్ దగ్గర కొన్ని ఉన్నాయి. తన షేరు ధర పెరిగితే ఎవడైనా మీసం మెలేస్తాడు. థాడ్ మాత్రం బల్ల గుద్దుతాడు. పక్కింట్లో ఉండే లూసిల్ ఫినర్టీ మొదటిసారి ఇది చూసినప్పుడు, పాపం ఈయనకి మతి పోయిందనుకుంది.

"నీ షేరేగా పెరిగింది! సంతోషించక ఆ ఏడుపేమిటయ్యా?"

"పెరగమని ఎవడడిగాడు దాన్ని?"

"అయితే తగ్గాలా?"

"తగ్గితే తాట తీస్తా!"

"మరి ఏం చెయ్యమంటావు, పాపం?"

"కూర్చోమను! ఎక్కడుందో అక్కడే చతికిలబడి కూర్చోమను! ఇన్ని కోట్ల జీతాలు తింటున్నారే, షేరుని ఓ చోట కూర్చోబెట్టడం చేతకాదా వెధవలకి?"

దీనికో కారణం ఉంది. థాడ్ బతికేది ఆప్షన్లు అమ్మి. అదేం బ్రహ్మవిద్య కాదు. మీ దగ్గర ముప్పై ఏడు డాలర్ల షేర్లు ఉన్నాయనుకోండి. ముక్కూ మొహం తెలియనివాడొకడు వచ్చి, "ఈ నెల మూడో శుక్రవారం దాకా గడువు. ఈలోపు నేను అడిగితే నలభైకి ఇచ్చెయ్యాలి" అని బయానా చేతిలో పెడతాడు. ధర నలభై దాటలేదా, వాడు మళ్ళీ మొహం చూపించడు. బయానా మీది, షేర్లూ మీవే. దాటిందా, వచ్చి నలభైకే పట్టుకుపోతాడు. బయట ఎంత పలుకుతున్నా మీరు నోరు మూసుకుని ఇచ్చెయ్యాలి. ఇలా నెలనెలా బయానాలు తిని బతికేవాడికి, ధర కదలకుండా పడి ఉండడమే లక్ష్మీకటాక్షం.

ఇక ఆయన గొంతు సంగతి చెప్పాలి. కంప్యూటర్లు రాకముందు థాడ్ షికాగో షేర్ల బజారులో పిట్ మనిషి. పిట్ అంటే మెట్లు మెట్లుగా దిగే పెద్ద గొయ్యి. అందులో వందలమంది భుజం భుజం రాసుకుంటూ, గొంతు చించుకుని కొంటామనీ అమ్ముతామనీ అరుచుకునేవాళ్ళు. కాగితం లేదు, సంతకం లేదు, నోటిమాటే పత్రం. మాట తప్పినవాడి మొహాన మర్నాడు ఎవడూ ఉమ్మెయ్యడు కూడా. కంప్యూటర్లొచ్చి ఆ పిట్‌ని మూయించాయి. అందరూ ఇళ్ళకి పోయారు. థాడ్ గొంతు మాత్రం ఇంకా అక్కడే ఉంది. చెవులు సగం మొద్దుబారాయి, గుసగుసగా మాట్లాడడమంటే ఏమిటో మరిచిపోయాడు.

ఈస్టరు ముందు, శుక్రవారాలు మాంసం ముట్టకూడని ఉపవాసాల రోజుల్లో ఓసారి చర్చికి వెళ్ళి, పాపాలు ఒప్పుకునే చెక్కపెట్టెలాంటి గదిలో ఫాదరు పక్కన మోకరిల్లి, తన మటుకు తాను గుసగుసగానే అనుకుంటూ పాపం చెప్పుకున్నాడు. "శుక్రవారం నాడు సాసేజిలు తిన్నాను ఫాదర్!"

బయట వరసలో కూర్చున్న ముసలమ్మ "ఎన్ని తిన్నావు థాడ్?" అని అడిగింది.

"నీకెందుకే!" అని లోపల్నుంచే అరిచాడు. అప్పటినుంచి ఫాదరు ఆయన్ని మంగళవారం మధ్యాహ్నం, చర్చిలో పిట్ట కూడా లేనప్పుడు రమ్మన్నారు.

లూసిల్ ఏమైనా తక్కువ తిందా అంటే అదీ లేదు. బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి. వందలమంది పిల్లల్ని, బంగాళాదుంపలు అమ్మే దళారుల్ని ఒకే గొంతుతో అదుపులో పెట్టింది. భర్త ఎడ్డీ పెలోరాలో పనిచేసేవాడు. పోతూ పోతూ ఆ కంపెనీ షేర్లు మూడువందలు, ఇటుకల చిన్న ఇల్లు ఒకటి మిగిల్చాడు. ఎడ్డీ పోయిన ఏడాది చలికాలంలో మంచు విపరీతంగా కురిసింది. ఆ వీధుల్లో ఒక కట్టుబాటుంది. ఇంటిముందు కారు పెట్టుకునే జాగాలో మంచు ఎవరు తవ్వుకుంటే జాగా వాళ్ళది. గుర్తుగా ఓ పాత వంటింటి కుర్చీ అక్కడ పెట్టి పోతారు. దాన్ని కదిపినవాడికి ఆ వీధిలో మనుగడ ఉండదు. థాడ్ తెల్లవారుజామునే లేచి తన జాగా తవ్వుకుని, ఎలాగూ పార చేతిలోనే ఉందిగా అని లూసిల్ జాగా కూడా తవ్వి, అందులో ఓ కుర్చీ పెట్టాడు.

లూసిల్ లేచి చూసింది. ఆయన కుర్చీని తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో పడేసింది. ఆయన తవ్వి పోసిన మంచంతా పారతో ఎత్తి మళ్ళీ తన జాగాలోనే పోసింది. పోసి, మొదటినుంచి తానే తవ్వుకుంది. తవ్వాక తన కుర్చీ పెట్టుకుంది.

"నీకు తిక్కా?" అని థాడ్ కిటికీలోంచి అరిచాడు.

"నాకు రెండు చేతులున్నాయి! ఎవరి దయా అక్కర్లేదు!" అని అంతకంటే గట్టిగా అరిచింది లూసిల్.

అలాంటి మనిషికి ఇంటి పన్ను నోటీసు వచ్చింది. కౌంటీవాళ్ళ ఇంటి పన్ను అంటే అక్కడ ఎవరికైనా గుండె దడే. ఇల్లు అంగుళం పెరగదు, పన్ను మాత్రం ఏటా పెరుగుతుంది. ఇంట్లో మనిషి పోయినా పెరుగుతుంది. లూసిల్ పింఛను చూస్తే తిండికీ వెచ్చదనానికీ బొటాబొటి. అరిజోనాలో ఉన్న చెల్లెలు నోరీన్ వారం వారం ఫోను చేసి ఒకటే పాట పాడుతోంది. "ఆ ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చెయ్యవే. ఇక్కడ మంచూ లేదు, ఆ అరిచే పొరుగువాడూ లేడు." లూసిల్‌కి ఆ ఇల్లు వదలడం ప్రాణం మీదికి వచ్చినట్టుగా ఉంది. నోటీసు పట్టుకుని నేరుగా పక్కింటి తలుపు కొట్టింది.

"ఎడ్డీ షేర్లున్నాయి. నువ్వు చేసేది నాకూ నేర్పు."

"నేర్పను!"

"ఏం?"

"ఏదో ఒకరోజు ధర ఎగురుతుంది, షేర్లు పోతాయి, నన్ను తిడతావు!"

"ఇప్పుడు తిట్టట్లేదా?"

థాడ్ తలుపు బార్లా తీసి బయటికొచ్చాడు. వరండాలోనే పాఠం మొదలుపెట్టాడు.

"బయానా ఇచ్చి కొన్నవాడికి హక్కు. పుచ్చుకుని అమ్మినవాడికి బాధ్యత. వాడికి కావాలంటే తీసుకుంటాడు, అక్కర్లేదంటే మానేస్తాడు. నువ్వు మాత్రం అడిగితే ఇచ్చి తీరాలి. అర్థమైందా? మళ్ళీ చెప్పు!"

"కొన్నవాడికి హక్కు, బాధ్యత లేదు. అమ్మినదానికి బాధ్యత, హక్కు లేదు. కాస్త మెల్లగా చెప్పవయ్యా, వీధి వీధంతా నేర్చుకుంటోంది."

"బయానా తిన్నాక ధర పెరిగిందని ఏడవకూడదు. పిట్‌లో మాటంటే మాటే!"

"నేను ఏడ్చే మనిషినా? ఎంతకి అమ్మాలో చెప్పు."

"నలభై దగ్గర అమ్ము. షేరుకి నలభై సెంట్లు వస్తే కళ్ళకద్దుకో. అసలు ఈ కంపెనీ ఆప్షన్ల వంక చూసేవాడే లేడు. నలభై దగ్గరైతే ఈగ కూడా వాలదు."

లూసిల్ ఎడ్డీ పాత కంప్యూటరు ముందు కూర్చుని డాలరు అని కొట్టింది. థాడ్‌కి నషాళానికంటింది.

"డాలరా? నలభై సెంట్ల సరుకుకి డాలరా? ఎవడిస్తాడు నీకు?"

"బంగాళాదుంపలవాడు కూడా మొదట ఆకాశమంత ధరే చెప్పేవాడు. అడగందే ఎవడు పెడతాడు?"

"అలాగే కూర్చో! ముసలిదానివయ్యేదాకా కూర్చో!"

"ఇప్పటికే అయ్యానుగా!"

థాడ్ తలుపు ధడాలున వేసి తనింటికి పోయాడు. కాసేపటికి లూసిల్ కంప్యూటరు టింగుమంది. వందేసి షేర్ల చొప్పున పెట్టిన మూడు ఆప్షన్లూ అమ్ముడుపోయాయి. షేరుకి డాలరే. లూసిల్ చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చి, పక్కింటికేసి చూస్తూ "అమ్ముడుపోయాయోయ్!" అని కేకేసింది.

థాడ్ మొహం ఎర్రగా చేసుకుని బయటికొచ్చాడు. "ఎవడు? ఏ బుద్ధిలేని దద్దమ్మ కొన్నాడు?"

"నాకేం తెలుసు? బేరం తెలిసినవాడు!"

అది మొదలు నెలనెలా ఇదే తంతు. లూసిల్ డాలరు అనడం, థాడ్ ఇల్లెగిరిపోయేట్టు అరవడం, తలుపు విసిరికొట్టి పోవడం, కంప్యూటరు టింగుమనడం. "ఈ దేశం ఇందుకే తగలడుతోంది! ఇలాంటి దద్దమ్మల చేతిలో డబ్బుంది!" అని థాడ్ మూడు రోజులు గొణిగేవాడు. ఆయన గొణుగుడు రెండు వీధుల అవతలికి వినబడేది. పెలోరా ధర ముప్పై ఏడు దగ్గర బుద్ధిగా కూర్చుంది. లూసిల్ పన్ను కట్టేసింది. నోరీన్‌తో ఫోనులో "నాకు చెయ్యి తిరిగిపోయిందే, ఇందులో ఏదో కిటుకుంది, అందరికీ పట్టుబడదు" అని గొప్పలు కూడా పోయింది. మనిషి నడకే మారిపోయింది.

రెండేళ్ళు గడిచాక, ఓ నెల మూడో శుక్రవారం పొద్దున్నే పిడుగు పడింది. దేశంలో ఉన్న గోదాముల్లో సగానికి సగం నడిపే ఓ పెద్ద కంపెనీ పెలోరాతో ఒప్పందం చేసుకుందట. బజారు తెరిచేసరికి షేరు యాభై ఎనిమిది.

థాడ్ రోజూ టిఫిను తినేది మిల్డా హోటల్లో. మిల్డా లిథువేనియా మనిషి. ఆమె బంగాళాదుంపల కుగెలిస్ కోసం ఊరి అవతల్నుంచి వస్తారు. అక్కడ అందరికీ పింగాణీ కప్పులు, థాడ్‌కి మాత్రం రేకు కప్పు. ఆయన బల్ల గుద్దినప్పుడల్లా పగిలేవి ఎన్నని కొంటుంది? ఆ రోజు వార్త వినగానే మిల్డా బల్ల మీది పళ్ళెం ముందుజాగ్రత్తగా చేతిలోకి తీసుకుంది. థాడ్ తన షేర్ల మీద నలభై ఐదు దగ్గర ఆప్షన్లు అమ్ముకుని ఉన్నాడు. అవి సాయంత్రానికి పోయినట్టే. ఇక చూడు వీరంగం, అనుకుంది.

థాడ్ బల్ల గుద్దలేదు. నోరెత్తలేదు. కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి లూసిల్ వచ్చి ఎదురుగా కూలబడింది. ఆయన అరవకపోవడం చూశాక ఇక ఆశ వదులుకుంది.

"పోయినట్టేగా?" అంది.

"బజారు మూయనీ."

"మూస్తే ఏమవుతుంది? వాడెవడో నలభైకి పట్టుకుపోతాడు. చేతికొచ్చిన డబ్బుతో ఇప్పుడు మళ్ళీ అన్ని షేర్లు రావు. ఎడ్డీవి, అన్నీ పోయినట్టే. నెలనెలా వచ్చే ఆ కాస్తా ఆగిపోతుంది. నోరీన్‌కి ఫోను చేశాను. వేసవిలో ఇల్లు అమ్మకానికి పెడతానన్నాను."

"ఎవరడిగారు నిన్ను ఫోను చెయ్యమని?" అన్నాడు థాడ్. అందులో పాత గొంతు కాస్త పలికింది.

"ఏడవట్లేదులే. బయానా తిన్నాను, షేర్లిస్తాను. మాటంటే మాటేగా."

మూడింటికి బజారు మూసేశారు. ధర యాభై ఎనిమిది మీదే ఉంది. థాడ్ లేచి, "కడుక్కొస్తా" అని హోటలు వెనక నడవాలోకి పోయాడు. అక్కడ నిలబడి, ఎవరికీ వినబడకుండా, బ్రోకరు కంపెనీకి ఫోను చేశాడు. చెవులు మొద్దుబారినవాడు కనక ఫోను స్పీకరులో పెట్టాడు.

"ఎవరికీ వినబడకుండా" అన్నది థాడ్ నమ్మకం. హోటల్లో ఉన్నవాళ్ళందరికీ అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

"మీ పేరు మీద నలభై డాలర్ల దగ్గర పెలోరా ఆప్షన్లు మూడున్నాయి సార్," అంది ఫోనులో అమ్మాయి. "మంచి లాభం వచ్చింది, అభినందనలు! మీరేం చెయ్యక్కర్లేదు. షేర్లు వాటంతటవే మీ ఖాతాలోకి వచ్చేస్తాయి."

"రాకూడదు! అందుకే ఫోను చేశాను!"

"సార్?"

"నాకొద్దు ఆ షేర్లు! హక్కు వాడుకోనని రాసుకో!"

"సార్, నలభైకి కొని సోమవారం యాభై ఎనిమిదికి అమ్ముకోవచ్చు. ఐదువేల డాలర్ల పైమాట."

"నాకు లెక్కలొచ్చమ్మా!"

"పైగా మీ సొంత షేర్లు ఈ రోజే నలభై ఐదుకి పోతున్నాయి. వాటి బదులు ఇవి..."

"అవి పోతే నా ఖర్మ! ఇవి మాత్రం ముట్టుకోవద్దు!"

 అమ్మాయి పసిపిల్లల్ని బుజ్జగించే గొంతుతో అడిగింది. "సార్, రెండేళ్ళుగా ప్రతినెలా మీరు ఇవే కొంటున్నారు. షేరుకి డాలరు పెట్టి. ఒక్కసారి కూడా లాభం రాలేదు. ఇప్పుడు వస్తే వద్దంటున్నారు. పక్కన మీ ఇంట్లోవాళ్ళెవరైనా ఉన్నారా? ఒక్కసారి వాళ్ళకి ఫోనిస్తారా?"

"నా మతి బాగానే ఉంది! ఇంత మెల్లగా మాట్లాడుతున్నానని వినబడట్లేదా నీకు?"

మిల్డా పొయ్యి తగ్గించింది.  లూసిల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఆమె మొహం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. నడవాలోకి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నువ్వా ఆ దద్దమ్మవి?"

థాడ్ ఫోను వీపు వెనక దాచాడు. అందులోంచి అమ్మాయి "సార్? సార్?" అంటూనే ఉంది.

"రెండేళ్ళుగా నాకు ముష్టి వేస్తున్నావన్నమాట!"

"ముష్టి కాదు! బయానా!"

"నలభై సెంట్ల సరుకుకి డాలరు ఇస్తే ముష్టి కాక మరేమిటి? చెయ్యి తిరిగిందని ఊరంతా చాటుకున్నానే! నా చెల్లెలికి కిటుకులు చెప్పానే! సిగ్గుతో నేను చావాలా?"

"నా డబ్బు, నా మూర్ఖత్వం! నీకేంటి?"

"నాకేంటా? తీసుకో షేర్లు! అమ్మాను, కొన్నావు. తీసుకుని తీరాలి! పిట్‌లో మాటంటే మాటే అని నా చెవులు తూట్లు పొడిచావుగా!" అంటూ ఆయన వీపు వెనక నుంచి ఫోను లాక్కుంది. "అమ్మాయ్! ఈయన షేర్లు తీసుకుంటాడు. అలాగే రాసుకో."

"మీరెవరండీ?"

"అమ్మినదాన్ని!"

 అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ ఒకే ఫోనులో కొట్లాడుకోవడం ఆ పిల్ల తన ఉద్యోగంలో ఎప్పుడూ విని ఉండదు. "క్షమించండి మేడమ్, ఖాతాదారు మాటే చెల్లుతుంది. మూడున్నర లోపు చెప్పాలి. ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి," అంది చివరికి.

థాడ్ వేలు చూపించాడు. "నీకు నేర్పిన మొదటి పాఠమేమిటి? చెప్పు!"

లూసిల్ పెదవులు బిగించింది.

"చెప్పవేం?"

"కొన్నవాడికి హక్కు," అంది పళ్ళ మధ్య నుంచి.

"బాధ్యత?"

"లేదు."

"అద్గదీ! హక్కు నాది. డబ్బు పెట్టి కొనుక్కున్నాను. వాడతానో, చించి పారేస్తానో నా ఇష్టం! నన్ను తీసుకోమనడానికి నీకేం హక్కుంది? అమ్మినదానివి, నోరు మూసుకుని నిలబడు!" ఫోను తీసుకుని, "వాడుకోనని రాసుకున్నావా అమ్మా?" అన్నాడు.

"రాశాను సార్," అంది అమ్మాయి. ఆమె గొంతు ఏదోలా ఉంది. "అన్నీ రాశాను."

నడవా చివర మిల్డా గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక హోటలంతా నిలబడి ఉంది. లూసిల్ ఇంకా కోపంతో ఊగిపోతూనే అడిగింది.

"ఎందుకు చేశావయ్యా ఈ పని?"

"నువ్వు ఇల్లమ్ముకుని అరిజోనా పోతే ఆ ఇంట్లో ఎవడు దిగుతాడు? ఎవడో డబ్బున్నవాడు కొని, పడగొట్టి, మూడంతస్తులు లేపుతాడు! పైకి! నా వంటింటి కిటికీలో ఎండ రాకుండా!"

"అంతేనా?"

"అంతే!" అని అరిచి, థాడ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఆ వీధిలో అందరూ నన్ను చూసి తలుపులేసుకుంటారు. తిరిగి తిట్టేది నువ్వొక్కదానివే. నువ్వూ పోతే నేనెవరితో పోట్లాడాలి?"

 లూసిల్ సంచీ తీసుకుని ఇంటికి పోయింది. శనివారం మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో ఆయన కూర్చున్న వరసలో కూర్చోలేదు. థాడ్ ఆ రెండు రోజులూ ఎవర్నీ తిట్టలేకపోయాడు. వీధిలోవాళ్ళు ఆయనకి జ్వరమేమో అనుకున్నారు.

సోమవారం షేర్లు లూసిల్ ఖాతాలో భద్రంగా ఉన్నాయి. ఆమె వాటిలో వంద అమ్మింది. ఏడాది పన్ను మొత్తం కట్టేసింది. నోరీన్‌కి ఫోను చేసి, "రావట్లేదే. ఇక్కడ నాకు పనుంది," అంది. అప్పుడు మిల్డా హోటలుకి వెళ్ళి, థాడ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇకమీదట కంప్యూటరు చాటున దాక్కోవడం కుదరదు. కొంటే నా మొహం చూసి కొను. ఉన్న ధరకి కొను."

థాడ్ కనుబొమలు లేచాయి. "ఎంత దగ్గర?"

"అరవై ఐదు దగ్గర. మిగిలిన రెండువందల షేర్లకీ. షేరుకి నలభై సెంట్లు."

"నలభయ్యా?" థాడ్ గుద్దు బల్ల మీద పడింది. రేకు కప్పు గంతేసింది. "ఇంత ఎగిరే షేరుకి నలభయ్యా? డాలరు!"

"ముప్పై ఐదు!"

"డాలరు పది!"

"ముప్పై! సెంటు ఎక్కువిచ్చావంటే లేచిపోతా!"

"డాలరు పాతిక! నీకు సరుకు విలువ తెలీదు! పిట్‌లో అయితే నిన్ను నమిలి ఉమ్మేసేవాళ్ళు!"

"నువ్వు పిట్‌లో ఎలా బతికావో నాకర్థం కావట్లేదు! కొనేవాడివి ధర పెంచుతావేంటయ్యా?"

"అమ్మేదానివి నువ్వు తగ్గిస్తావేంటి మరి?"

హోటల్లోవాళ్ళు ఫోర్కులు కింద పెట్టేసి చూస్తున్నారు. కొందరు థాడ్ పక్షం, కొందరు లూసిల్ పక్షం చేరిపోయారు. ఎవరో లేచి నిలబడి డాలరు అని అరిచారు. ఇంకెవరో ముప్పై అని కేకేశారు. థాడ్ కూడా లేచి నిలబడ్డాడు. అరచేతులు గాల్లో ఊపుతూ, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. లూసిల్ ఆయనకి ఎదురుగా నిలబడి అంతకంటే గట్టిగా అరుస్తోంది. ఎంత తిట్టినా ఆమె కళ్ళు మాత్రం ఆయన మొహం మీదే ఉన్నాయి. ఆ మొహం ఇంత వెలిగిపోవడం ఎడ్డీ ఉన్న రోజుల్లో కూడా ఆమె చూడలేదు.

మిల్డా గరిటెతో బల్ల మీద గట్టిగా కొట్టింది. "డెబ్భై సెంట్లు! అంతే! ఇద్దరూ నోరు మూసుకుని తినండి!"

లూసిల్ చెయ్యి చాపింది. థాడ్ చేతులు కట్టుకుని ముడుచుకుపోయాడు.

"చెయ్యి కలపవేం?"

"ఇది అన్యాయం. ఇంత చవగ్గా అమ్మి నన్ను నిలువునా ముంచావు." చివరికి చెయ్యి కలిపాడు, ఆమె వేళ్ళు నొప్పెట్టేలా. "వచ్చే నెల చెప్తా నీ సంగతి!"

"చెబుదువుగానిలే," అంది లూసిల్, పళ్ళెం ఆయన ముందుకి జరుపుతూ. "ముందు తిను, చల్లారిపోతోంది."